గడ్డి చెక్కే ఇలేర్

ఇసుక నింపిన తోలుదిండు మీద చెక్కదిమ్మను ఎడమచేత్తో మెల్లగా తిప్పుతూ ఇలేర్ గడ్డి చెక్కుతున్నాడు. కుడిచేతిలోని సన్నటి ఉలి కదలదు. దిమ్మే దాని కిందికి వస్తుంది. ముప్పైనాలుగేళ్లుగా అంతే. పత్రికల బొమ్మలకు అచ్చుదిమ్మలు చెక్కే పారిస్‌లోని ఆ శాలలో ఆకాశాలు పాల్మీర్‌వి, ముఖాలూ చేతులూ గాస్తోన్‌వి, గడ్డీ ఆకులూ ఇలేర్‌వి. పత్రికలో బొమ్మ కింద పేరు మాత్రం యజమాని తబురెల్‌ది.

ఈ వారం బొమ్మ పల్లెలో వసంతం. పచ్చికలో అమ్మాయిలు పసుపుపచ్చని జోంకీ పూలు కోస్తున్నారు. చిత్రకారుడు గీసిచ్చిన దిమ్మను ఆరు ముక్కలుగా విడదీసి ఆరుగురికి పంచారు. ఐదింటికల్లా మళ్లీ మరమేకులతో బిగించి అచ్చుకు పంపాలి. గాస్తోన్ జ్వరంతో రాలేదు. దాంతో గడ్డితో పాటు ఒక అమ్మాయి చెయ్యి కూడా ఇలేర్ వంతుకొచ్చింది.

"గీత మీదే పో. సొంత తెలివి వద్దు," అని చెప్పి వెళ్లాడు తబురెల్.

ఇలేర్ చాలాసేపు ఉలి ఎత్తలేదు.

"ఏం బాబాయ్, ఆడపిల్ల చెయ్యి చూసి వణుకు పుట్టిందా?" అంది పాల్మీర్, తన మేఘం మీంచి తలెత్తకుండా.

"ఈ పిల్ల పువ్వు మెడ పట్టుకుని తుంచుతోందే. కాడ లేకుండా గుత్తి కట్టేదెట్లా? వేళ్లు కాడ మొదలుదాకా పోనిచ్చి లాగాలి. టిక్కున ఊడొస్తుంది."

"నువ్వు కోసినట్టే చెప్తున్నావ్."

"మా వోజ్ కొండల్లో పదేళ్లు కోశాను. మా అమ్మ సంతలో అమ్మేది."

"పారిస్‌లో అదెవడిక్కావాలి? గీత మీద పో, బాబాయ్."

ఇలేర్ గీత మీద పోలేదు. పొద్దుటినుంచీ లాగుతున్న ఎడమభుజాన్ని ఒకసారి నొక్కుకుని, బల్లకు ఛాతీ ఆనించి, గీసిన వేళ్లను చెరిపేస్తూ వేరే వేళ్లు చెక్కాడు. పొట్టి గోళ్లు, తడికి ఉబ్బిన కణుపులు, ఆకుల మధ్యకు దిగిన చూపుడువేలు.

మూడింటికి తబురెల్ భూతద్దంతో వచ్చాడు.

"ఇది గీసిన చెయ్యి కాదు."

"కాదు, మొస్యూ."

"మరెవరిది?"

"పూలు కోసేవాళ్లది."

తప్పు పడినచోట రంధ్రం తొలిచి, అదే కర్రతో చేసిన బిరడా దిగ్గొట్టి, దాని మీద మళ్లీ చెక్కడం ఆ పనిలో మామూలే. "ఐదులోగా తీసెయ్," అన్నాడు తబురెల్ గొంతు పెంచకుండా. "తీయకపోతే రేపట్నుంచి రాకు."

ఇలేర్ ఒక బిరడాను శ్రద్ధగా చెక్కి, నున్నగా రుద్దాడు. రంధ్రం తొలిచే బరమా తీసి దాని మొన ఆ చేతి మీద ఆనించాడు. కానీ తొలవకుండానే బరమాను బల్ల అవతలి అంచుకు నెట్టేశాడు.

"బాబాయ్, టైమవుతోంది," అంది పాల్మీర్.

"అవనీ తల్లీ."

మోచేయి మీద తల వాల్చాడు. కళ్లకు విశ్రాంతి ఇస్తున్నాడనుకుంది ఆమె. ఐదుకు ఐదు నిమిషాలుందనగా భుజం తట్టింది. కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తబురెల్ కోసం పరిగెత్తింది.

తబురెల్ వచ్చి టోపీ తీశాడు. అచ్చు మనిషి గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. తబురెల్ ఇలేర్ వేళ్ల కిందనుంచి దిమ్మముక్కను మెల్లగా లాగి, కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపే చూశాడు.

"బిగించండి," అన్నాడు.

ఆరు ముక్కలూ ఒక్క పచ్చికై మెట్లు దిగిపోయాయి. బల్ల మీద, దిగడానికి రంధ్రమంటూ లేని బిరడా ఒక్కటే మిగిలింది.