నాలుగో నంబరు కంప్యూటర్

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ లైబ్రరీలో పనిచేస్తున్నాను. పేజీ మూల మడిచినవాణ్ణీ, రీడింగ్ హాల్లో ఫోన్ మాట్లాడినవాణ్ణీ ఊరికే వదిలిన పాపాన పోలేదు. కానీ ఒక్క విషయంలో నేను నిప్పు. ఎవరు ఏం చదివారో, ఏం వెతికారో నా నోటి నుంచి బయటికి రాదు. ఓసారి ఒకావిడ తన కోడలు ఏం పుస్తకాలు తీసుకెళుతోందో చెప్పమని బతిమాలింది. కోడల్నే అడగమని పంపించేశాను. ఆవిడ ఇప్పటికీ దారిలో కనపడితే మొహం తిప్పుకుంటుంది.

అలాంటి నేను, ఒక మనిషి ఇంటి గుట్టుని నాలుగడుగుల పోస్టరు మీద అచ్చుకిచ్చాను.

చుట్టుపక్కల లైబ్రరీల వాళ్ళం ఏడాదికోసారి ఒకచోట చేరతాం. ఎప్పుడూ ఉపన్యాసాలే. సగంమంది కునుకు తీస్తారు. ఈసారి ఎవరికి తట్టిందో గానీ, ఒక్కో లైబ్రరీ కంప్యూటర్లతో కొత్తగా ఏం చేసిందో పోస్టరు మీద వేసి, పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి చెప్పాలన్నారు. మధ్యాహ్నం నుంచి ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి చూడొచ్చట, మార్కులు వేసి బహుమతి కూడా ఇస్తారట.

మా దగ్గర చెప్పుకోవడానికి నిజంగానే ఒక పని ఉంది. మా కంప్యూటర్ అమ్మాయి చేరి రెండేళ్ళయింది. ఆ పిల్ల ఓ రోజు నా బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టింది. రీడర్లు వెతికితే 'ఫలితాలు లేవు' అని వచ్చిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆరు నెలల్లో నాలుగు వేల పైచిలుకు. చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. సగానికి పైగా పుస్తకాలు మా దగ్గర ఉన్నవే! జనం 'చక్కెర జబ్బు' అని కొడితే నేను క్యాటలాగులో 'మధుమేహం' అని రాసిపెట్టాను. వాళ్ళు 'ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడు' అంటే నేను 'అద్దె నియంత్రణ చట్టాలు' అన్నాను. 'గురక' అంటే 'నిద్రా రుగ్మతలు'. ఆ పెద్ద పెద్ద మాటలన్నీ నేను ఒకప్పుడు గర్వంగా రాసుకున్నవే. మేమిద్దరం కూర్చుని జనం మాటల్ని నా మాటలకి ఒక్కొక్కటిగా ముడిపెట్టుకుంటూ వచ్చాం. ఆ పనికి ఏడు నెలలు పట్టింది.

పోస్టరు మధ్యలో రీడర్లు కొట్టిన పది ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు వేశాం. ఏ కంప్యూటరు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్నిసార్లు అన్నీ వేశాం.

"ఈ నంబర్లు తీసేద్దామా మేడం?" అంది అమ్మాయి.

"నంబర్లు లేకపోతే మనం ఇంట్లో కూర్చుని అల్లామంటారు. ఉండనీ," అని కసిరాను. పాపం, ఆ పిల్ల అలాగే ఉంచేసింది. శుక్రవారం మధ్యాహ్నం ఫైలు ప్రింటింగ్ షాపుకి పంపేసి, ఒక చిన్న కాపీ మా నోటీసు బోర్డుకి అంటించింది.

సాయంత్రం తలుపులు వేసే వేళకి వాచ్‌మన్ దాని ముందు నిలబడ్డాడు. పదిహేనేళ్ళుగా గుమ్మం దగ్గర కూర్చునే మనిషి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో నాకన్నా అతనికే బాగా తెలుసు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

"కంప్యూటర్ నాలుగు. మంగళ, గురువారాలు, మూడు నలభై. 'నాన్నకి మాట పడిపోయింది మళ్ళీ ఎలా రప్పించాలి.' పదిహేడు సార్లు. ఫలితాలు లేవు." అక్కడ ఆగాడు. "అమ్మా, మంగళవారం, గురువారం నాలుగో నంబరంటే మన ప్రింటింగ్ షాపు అబ్బాయి కదా? వాళ్ళ నాన్న కూతురింట్లో ఉన్నాడని చెప్పాడే!"

నేనేం చేశానో అప్పుడు తెలిసింది.

ఆ షాపు పెద్దాయన నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. మా రసీదు పుస్తకాలు, కార్డులు అన్నీ అక్కడే అచ్చవుతాయి. ఏ రోజు వెళ్ళినా, ఏం అడిగినా ఒకటే జవాబు: "రేపు రా చెల్లెమ్మా." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఓసారి "మీ రేపుని క్యాలెండర్లో చూపించండి అన్నయ్యా" అని అందరి ముందూ నిలదీశాను. ఆయన పకపకా నవ్వి, టీ తెప్పించి, మళ్ళీ అదే మాట చెప్పాడు. గొప్ప మాటకారి. షాపు ముందు ఎప్పుడూ నలుగురు ఆయన కబుర్ల కోసమే నిలబడేవాళ్ళు. ఏడాదిగా ఆయన కనపడటం లేదు. కొడుకే చూసుకుంటున్నాడు. నాన్న అక్కయ్య దగ్గరున్నారని అతను చెబితే నేను నమ్మాను. నిజం చెప్పొద్దూ, పనులు వేళకి అవుతున్నాయని సంతోషించాను కూడా.

ఆ మాటకారికి మాట పడిపోయింది. నలుగురూ జాలి పడకూడదనే కాబోలు కొడుకు దాచిపెట్టాడు. నేను దాన్ని రోజుతో సహా, గంటతో సహా అచ్చు వేసి ఊరంతటికీ చూపించబోతున్నాను. అది చాలదన్నట్టు, అచ్చు వేయమని పంపింది కూడా అతనికే!

నోటీసు బోర్డు మీద కాపీ చింపేశాను. వాచ్‌మన్‌తో "ఈ మాట నీ దగ్గరే ఉండాలి," అన్నాను. "నేనేం చదివానమ్మా? నాకు చదువే రాదు," అన్నాడు, రోజూ పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివే మహానుభావుడు. ఫోన్ చేస్తే షాపులో ఎత్తలేదు. పరుగున వెళితే షట్టరు దించి ఉంది. 'రేపటి మీటింగు పోస్టర్లు నేరుగా హాలుకే చేరుస్తాం' అని కాగితం అంటించి ఉంది. ఆ షట్టరు ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఇంటికెళితే మా ఆయన "ఇవాళ ఎవరి మీద అరిచావు?" అన్నాడు. "నా మీదే," అన్నాను.

శనివారం పొద్దున్నే హాలుకి వెళ్ళాను. పక్క స్టాండు వాళ్ళు పుస్తకాలు మోసే చిన్న యంత్రం బండి తెచ్చారు. అది తిన్నగా వెళ్ళి గోడని గుద్దుకుని అక్కడే గింజుకుంటోంది. ఎదురుగా ఒకాయన పాత పేపర్లు స్కాన్ చేసిన పోస్టరు తగిలిస్తూ, ఎవరూ అడక్కుండానే వివరించేస్తున్నాడు. మామూలు రోజైతే ఇద్దరికీ చెరో చురకా వేసేదాన్నే. నా కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి.

తొమ్మిదింటికి షాపు మనిషి బండి మీద వచ్చి, పోస్టర్లు చుట్టిపెట్టిన గొట్టాలు దించేసి వెళ్ళిపోయాడు. మా గొట్టం తీసుకుని గోడవైపు తిరిగాను. ఈ పోస్టరు పెట్టకూడదని అప్పటికే నిర్ణయించుకున్నాను. ఖాళీ స్టాండు పక్కన నిలబడితే నవ్వుతారు, నవ్వుకోనీ. ఏం అచ్చయిందో చూద్దామని మాత్రం విప్పాను.

పది ప్రశ్నలూ ఉన్నాయి. నా వేలు ఏడో దాని దగ్గర ఆగింది. 'నాన్నకి మాట పడిపోయింది మళ్ళీ ఎలా రప్పించాలి. ఫలితాలు లేవు.' అంతే. కంప్యూటరు నంబరు లేదు, రోజు లేదు, గంట లేదు. మిగతా తొమ్మిదింటికీ అన్నీ ఉన్నాయి. ఆ ఒక్కదానికే తుడిచేసి, ఖాళీ కనపడకుండా వరస సర్ది ఉంది.

నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. అమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. తాగి, జరిగిందంతా ఆమెకి చెప్పి, "నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది," అన్నాను. నేను తప్పు ఒప్పుకోవడం ఎప్పుడూ చూడలేదేమో, ఆ పిల్ల ఇంకా కంగారుపడింది.

షాపు అబ్బాయి తన గుర్తులు మాత్రమే తీసుకున్నాడు. ఎదుటివాళ్ళవి ముట్టుకునే హక్కు తనకి లేదనుకున్నాడేమో. ఆ తొమ్మిదిమందినీ చూసుకోవాల్సింది నేను. నా సంచీలో పుస్తకాల వెన్నుకి అంటించే తెల్ల లేబుళ్ళ కట్ట ఎప్పుడూ ఉంటుంది. ఇద్దరం కూర్చుని మిగతా నంబర్లన్నిటి మీదా అవి అంటించేశాం. పోస్టరు అతుకుల బొంతలా తయారైంది. నాకది ముద్దొచ్చింది.

మార్కులు వేసే జడ్జి కళ్ళజోడు సర్దుకుని "ఈ లేబుళ్ళేమిటి?" అన్నాడు.

"మా తప్పండీ. రీడర్ల ఆనవాళ్ళు అచ్చు వేశాం. అందులో ఒక రీడరు మా తప్పు దిద్దారు. మిగతావి మేం దిద్దుకున్నాం."

ఆయన కాసేపు ఏడో ప్రశ్న చూశాడు. "దీనికి పుస్తకం మీ దగ్గర ఉందా?"

"ఉందండీ. ఆ రీడరు కూర్చున్న చోటికి పన్నెండు అడుగుల దూరంలో ఉంది. 'వాగ్వైకల్యాలు, చికిత్స' అని నేనే రాశాను." బహుమతి గోడని గుద్దే బండికి వచ్చింది. తీసుకోనీ పాపం.

హాలు నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్ళి, ఆ పుస్తకం అలమారలోంచి తీసి, నా కార్డు మీద రాసుకుని, షాపుకి బయల్దేరాను. సాయంత్రం అయిదున్నర అయింది. షట్టరు తీసే ఉంది. అబ్బాయి మిషను దగ్గర ఉన్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మేడం, అడక్కుండా మీ పోస్టరులో వేలు పెట్టాను. ఏమీ అనుకోకండి."

"నువ్వా అనుకోవద్దనేది? నన్ను నాలుగు తిట్టు బాబూ, నాకు హాయిగా ఉంటుంది."

నవ్వాడు. నేను పుస్తకం తీసి చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నాకు కంఠతా వచ్చు మేడం," అన్నాడు. "మూడు నెలల కిందట ఊరికే మళ్ళీ అదే కొట్టి చూశాను. ఈసారి దొరికింది. రోజూ వచ్చి అలమారల మధ్య నిలబడి చదివేవాణ్ణి."

"నిలబడి ఎందుకు? ఇంటికి తీసుకెళ్ళొచ్చుగా? అసలు మొదటి రోజే నన్ను అడిగితే పోయేది కదా?"

అతను నేల చూశాడు. "మీరు కసురుతారని భయం మేడం."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. అతనే అందుకున్నాడు. "నిన్న మీ ఫైలు తెరిచి చూస్తే ముందు చెమటలు పట్టాయి. తర్వాత మిగతా తొమ్మిదీ చదివాను. ఊళ్ళో ఇంతమంది ఇన్ని వెతుక్కుంటున్నారా అనిపించింది. నేనొక్కణ్ణే దాక్కుంటున్నాననుకున్నాను మేడం. అందుకే ఇవాళ నాన్నని షాపుకి తీసుకొచ్చేశాను."

అప్పుడు చూశాను. లోపల, కాగితాల బొత్తుల పక్కన, తన పాత కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కుడి చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి.

"బాగున్నారా అన్నయ్యా?" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. "రే..." అని ఆగిపోయాడు. పెదవులు వణికాయి. "రే... పు..."

ఆ మాట నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా విన్న మాట. అందించేద్దామని నోటి దాకా వచ్చేసింది. కొడుకు పుస్తకం నా ముందు తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. 'మాట అందించకండి. ఆగండి.' నేను నా జన్మలో ఎవరి కోసమూ ఆగలేదు. ఆరోజు ఆగాను. మిషను ఒక కాగితం, రెండు కాగితాలు, మూడు కాగితాలు వదిలింది. ఆయన మొహం ఎర్రబడింది. ఎడమ చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"రేపు రా... చెల్లెమ్మా."

కొడుకు చేతిలోంచి పుస్తకం జారి కింద పడింది. "రేపు రా అనేది వారం నుంచి వస్తోంది మేడం. చెల్లెమ్మా ఇప్పుడే," అన్నాడు.

పెద్దాయన ఒక పక్క పెదవితోనే నవ్వుతున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ ముంచుకొచ్చాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ మాటకి నాకు కోపం రాలేదు.

"తప్పకుండా వస్తాను అన్నయ్యా," అన్నాను.

మర్నాడు నాకు అక్కడ ఏ పనీ లేదు. అయినా వెళ్ళాను.