చిన్నత్త ముందుగది

దుకాణాల యజమాని పోయాడు. వరసగా ఉన్న దుకాణాలన్నీ కొడుకు చేతికొచ్చాయి. రావడంతోనే వాడు వెల్డర్ దగ్గరికొచ్చి, అద్దె పెంచుతున్నానని, ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యమని చెప్పి వెళ్లాడు.

ఆ రోజు నుంచి వెల్డర్ వీధంతా వాణ్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు నిప్పురవ్వల్లో కాలితే తనకు మిగిలింది మసిబారిన గోడలు. వాడు చేసిన పనల్లా పుట్టడం.

భార్య పోయాక వెల్డర్‌కు మిగిలిన చుట్టం ఆమె పిన్ని ఒక్కతే. చిన్నత్తకు పిల్లల్లేరు. మంచం పట్టి ఏడాదయింది. ఆమె ఇంటి ముందుగది వీధిలోకి తెరుచుకుంటుంది. షట్టర్ పెడితే చాలు, దుకాణం. అది తనకు తప్ప ఎవరికొస్తుందని అతని ధీమా. అందుకే రోజూ సాయంత్రం వెళ్లి కాసేపు కూర్చునేవాడు. కూర్చుంటే ఒకటే పాట.

"వాడేం చేశాడత్తయ్యా? ఒక్క ఇటుక మోశాడా? పుట్టినందుకే ఆస్తులిచ్చేస్తే చాకిరీ చేసినవాళ్లేం కావాలి? చేసినవాళ్లకే చెందాలి."

"నిజమే అల్లుడూ," అనేది చిన్నత్త. ఆమెను చూసుకునే ఆయా ఆ పక్కనే దుప్పటి మారుస్తూనో, కాళ్లు తుడుస్తూనో ఉండేది. ఆమెది ఏ ఊరో కూడా వెల్డర్ ఎన్నడూ అడగలేదు.

ఒకరోజు వెళ్లేసరికి చిన్నత్త ముఖం తేటగా ఉంది.

"నీ మాటే విన్నాను అల్లుడూ. ఇల్లు ఆయా పేర రాసేశాను."

వెల్డర్ మంచం వైపు వంగాడు. "నేనన్నది మన సంగతి కాదత్తయ్యా."

"మరెవరి సంగతి?"

"రోజూ రావడం లేదా నేను?"

"వస్తావు, కూర్చుంటావు. అది నన్ను లేపి కూర్చోబెడుతుంది."

వెల్డర్ లేచాడు. ఆయా గుమ్మం దాకా వచ్చింది.

"అన్నా, ముందుగది ఖాళీగానే ఉంది. నువ్వే దుకాణం పెట్టుకో. ఇప్పుడిచ్చే అద్దే ఇవ్వు, పెద్దమ్మ మందులకొస్తుంది."

తాళాలగుత్తి ఆమె చేతిలో ఉంది. తన కంచం ఎవరో లాక్కుని, అందులోంచి ఒక ముద్ద తనకే పెడుతున్నట్టనిపించింది వెల్డర్‌కు. మెట్లు దిగి, నేరుగా యజమాని కొడుకు దగ్గరికి వెళ్లాడు.

"నువ్వడిగిన అద్దే ఇస్తాను."

వాడు నమ్మలేనట్టు చూశాడు. "నిన్నటిదాకా వీధంతా నన్ను తిట్టిపోశావటగా?"

"తిట్టాను," అన్నాడు వెల్డర్. "నువ్వు కనీసం ఆయన కొడుకువి."