లైటు మోసినాయన పేరు

"గమ్ము యాడుండాది?" అని ప్రేమానందం కింది మెట్ల మీద నుంచి కేకేశాడు.

పైన చీపురుతో నేలనూ, నాలుకతో ఊరినీ ఊడుస్తున్న అక్కమ్మకు అది "గమ్మునుండండి" అని వినిపించింది. ఠక్కున నోరు మూసి మూతి ముడుచుకుంది.

"పొద్దున్నే నన్ను గమ్మునుండమనేదానికి ఈయప్పెవురు?" అని వలితో గొణిగింది.

హజరత్ వలి బదులివ్వలేదు. చేతిలో గమ్ము, నోట్లో గమ్ము. ఆయన బతుకంతా అంతే.

స్టవ్వు మీద మైదా గంజి ఉడుకుతోంది. వలి చిటికెడు పటిక వేసి కలిపాడు. పొట్టి మనిషి. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. గాజు కోసీ కోసీ బొటనవేలంతా గాట్లు. సంతవీధిలో చాన్నాళ్లు పటాలు కట్టి, సెల్‌ఫోన్లు వచ్చాక అంగడి కట్టేసి, ఇక్కడికొచ్చి చేరాడు. ప్రేమానందం పిల్చాడు కాబట్టి వచ్చాడు. ఆయన ప్రేమకు ఈయన ఫ్రేము.

బోర్డు మీద ఆ గది పేరు 'పాకాల చరిత్ర భాండారం'. ఊళ్లో పేరు 'జ్ఞాపాకాల గది'. జంక్షన్ ఊరు కదా, జ్ఞాపకాలు కూడా ఇక్కడ దిగి బండి మారతాయి. ఊరివాళ్లే తలా ఒక చెయ్యి వేసి నడుపుతున్నారు. చెదలు తినగా మిగిలిన ఫొటో తెచ్చిస్తే నకలు తీసుకుంటారు, వలి కొత్త పటం కట్టి తిరిగిస్తాడు. నెలకొక ఆదివారం ఫొటోను పైకెత్తి చూపిస్తే, అందులో ఎవరెవరో ముసలివాళ్లు చెప్తారు. పేరుకు ఇద్దరు సాక్షులు కావాలి. సొంతవాళ్ల మాట చెల్లదు. ఒకసారి దొర పక్కన నిలబడ్డ మనిషికి ముగ్గురు మనవళ్లు తేలారు. ముగ్గురివీ మూడు కులాలు. రైల్వే గుమాస్తాగా రిటైరైన ప్రేమానందం ఆ రోజే ఎర్రజెండా ఊపి ఈ నియమం పెట్టాడు.

ఈ రోజు కట్టాల్సింది ఒక పెళ్లి మెరవణి. వానలో తడిసిన వీధిలో ఊరేగింపు, తలవంచిన పెళ్లికూతురు, ముఖం నిండా బాసికమే ఉన్న పెళ్లికొడుకు. అంచున నెత్తి మీద పెట్రోమాక్సు మోస్తున్న మనిషి. ఆ మనిషి వలి నాయన. ఆయన ముఖమున్న కాయితం ప్రపంచంలో ఇదొక్కటే.

పోయిన ఆదివారం ఇద్దరు పెద్దలు ఒక్క గొంతుతో చెప్పారు: "లైటు సాయిబు." నియమం ప్రకారం ప్రేమానందం అదే రాశాడు. లైటు మోసే ప్రతి సాయిబునూ ఊరు అలాగే పిలిచేది. లైటు మోసినవాణ్ణి ఊరు లైటుగానే తీసుకుంది. వలి గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. కొడుకు మాట చెల్లదు కదా.

ఇప్పుడు ఆ పేర్ల చీటీని ఆయనే పటం కింద అతికించాలి. మధ్యాహ్నం ఫొటో ఇచ్చిన పలమనేరువాళ్లు తీసుకుపోతారు. ఆ పైన నాయన ఎప్పటికీ లైటు సాయిబే. వలి గంజిలో నీళ్లు పోశాడు. ఇంకొన్ని పోశాడు. అంటీ అంటని పలచటి గమ్ము చెయ్యడం జన్మలో ఇదే మొదలు.

"ఏందప్పా, చారు కాస్తాండావా?" అన్నాడు ప్రేమానందం వచ్చి.

ఇంతలో ఆ ఫొటోలోని పెళ్లికూతురే వచ్చింది. వరలక్ష్మమ్మ, మనవడి భార్య స్రవంతి భుజం పట్టుకుని, మెట్టుకొక దేవుణ్ణి తలుస్తూ. కూర్చుని ఫొటో చేతికి తీసుకుంది. మొగుణ్ణి చూడలేదు. వేలు అంచుకు పోయింది.

"దస్తగిరన్న."

"లైటు సాయిబు గదమ్మా?" అన్నాడు ప్రేమానందం.

"లైటు సాయిబనేది పేరా? నిన్ను టికెట్టయ్య అని రాస్తే ఒప్పుకుంటావా? ఆ రేయి వానకు భోజనాల బంతులు ఆలస్యమై అన్నం సాల్లేదు. లైట్లోళ్లను పస్తుతో పంపినారు. పొద్దున తెలిసి ఏడిస్తే, మాయమ్మ చెప్పింది ఆ పేరు. మర్సిపోలేదు నాయనా."

వలి గరిటె కింద పెట్టాడు.

"ఆ రేయి తడిసిపోయి ఇంటికొచ్చినాడు. పెండ్లికి పోయి సద్దిసంగటి అడుగుతావేందని మాయమ్మ ఎగతాళి జేసింది. గమ్మున తిన్న్యాడు. ఆయన మా నాయన, పెద్దమ్మా."

అక్కమ్మ నిజంగానే గమ్మునైపోయింది.

"ఇన్నాళ్లూ జెప్పలేదేందబ్బా!" అన్నాడు ప్రేమానందం.

"కొడుకు మాట సెల్లదంటిరి గదా సార్."

ప్రేమానందం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది గొప్పలు జెప్పుకునేవాళ్లకప్పా. మా నాయన పస్తుతో వచ్చినాడని ఎవుడు గొప్పగా జెప్పుకుంటాడు? ఆయమ్మ ఒకటి, నువ్వొకటి. ఇద్దరైనారు." చీటీ చించి కొత్తది రాశాడు: దస్తగిరి.

వలి గిన్నె కడిగి, మళ్లీ చిక్కగా గంజి కాచాడు. చీటీ అతికించి బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కాడు. ఆ నాలుగు అక్షరాల మీద వేలు కాసేపు ఆగింది.

పటం స్రవంతి చేతికిచ్చాక, వరలక్ష్మమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది.

"పెరుగన్నం. నాకని కట్టినారు. మీ నాయనకు పెట్టాల్సింది. నా ముందర తిను."

"మరి నువ్వో పెద్దమ్మా?"

"నేను ఆ రేయి తిన్న్యా."

వలి చేతులు కడుక్కొచ్చి, నేల మీద కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆమె రెప్ప వేయకుండా చూసింది.

"డబ్బా కడిగి ఇస్తా, ఉండు."

"బస్సుకు టయమైంది. పలమనేరుకొచ్చి ఇయ్యి. పెండ్లింటికి వచ్చినట్ల రా."

సాయంత్రం తాళాలు తీసుకుందామని వచ్చిన అక్కమ్మకు, గోడకు ఆనుకుని నిద్రపోతున్నట్టున్న వలి కనిపించాడు. ఈసారి ఆయన గమ్మునుండటం వేరేగా ఉందని, ఊపిరి లేదని తెలియడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

నెల తిరగకముందే, తర్వాతి ఆదివారమే గది నిండింది. ప్రేమానందం మెరవణి నకలును పైకెత్తి, లైటు సాయిబు అని రాయించిన ఇద్దరు పెద్దలకూ, మిగతా అందరికీ, జరిగిన పొరపాటు మొదటి నుంచి చెప్పాడు. "ఈయన దస్తగిరి. మన వలి వాళ్ల నాయన," అన్నాడు. పెద్దల్లో ఒకాయన లేచి, ఆ పేరు తనూ ఒకసారి పలికి కూర్చున్నాడు. జోకులకు నవ్వడం అలవాటైన గది ఆ రోజు నవ్వలేదు.

కిటికీ గట్టు మీద, వలి చక్కగా తోమి బోర్లించిన స్టీలు డబ్బా. అడుగున చుక్కచుక్కలుగా చెక్కిన పేరు: వరలక్ష్మి, పలమనేరు.