గాసెర్ చూడ్డానికి వచ్చినవాళ్ళు

"అమ్మడం లేదు, ఊరికే ఒకసారి చూసి చెప్పు" అనే మాట విదాక్ ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాడు. పాత రివాల్వర్లు కొని, వాటిని సేకరించేవాళ్ళకి అమ్మడం అతని బతుకుతెరువు. రాజుగారి కాలంలో మాంటెనెగ్రోలో ప్రతి మగాడి నడుముకీ ఒక గాసెర్ రివాల్వర్ ఉండి తీరాలన్నారు గనక, కొండ మీద ఏ ఇంటి తలుపు తట్టినా తాతగారిది ఒకటి బయటపడుతుంది. తాత ఆయుధాన్ని అమ్ముకున్నామని ఒప్పుకునే మొహం మాత్రం ఎవరికీ ఉండదు. అందుకని అందరూ అమ్మడం లేదనే మొదలుపెడతారు. కాఫీ అయ్యాక తాతగారి ప్రతాపం, రెండో గ్లాసు ద్రాక్షసారా అయ్యాక రేటు. అంచేత దోంజా లోక్వ అనే కొండ ఊరి నుంచి ఎవరో ఇకోనియ అనే పెద్దావిడ ఫోన్ చేసి "అమ్మను బాబూ, వచ్చి చూసి పో, గురువారం పొద్దుగూకేలోపే రా" అన్నప్పుడు, బేరం మొదలైందనే అనుకున్నాడు. ఈల వేసుకుంటూ బయల్దేరాడు కూడా.

ఒక్క బండి మాత్రమే పట్టే దారి. దాని చివర ఆ రాతి ఇల్లు. పక్కన రెండు కొంపలున్నాయి గానీ, వాటి వాళ్ళు చలికాలానికి కిందికి దిగిపోయారు. ఇకోనియకి డెబ్బై దాటి ఉంటాయి. తలకి నల్లగుడ్డ కట్టుకుంది. కాఫీ పెట్టింది, పిండి ఉండలు నూనెలో వేయించి తేనె పోసి ముందుంచింది. ఆవిడ చూపు మాత్రం కిటికీ దగ్గరే ఉంది. అమ్ముకుంటుంటే ఎవరన్నా చూస్తారేమోనని సిగ్గు పడుతోందనుకున్నాడు విదాక్. ఎదుటివాళ్ళ మనసు చదివేశాననుకోవడం అతనికి పాత రోగం.

పాత ఉన్ని గుడ్డ విప్పి రివాల్వర్ బల్ల మీద పెట్టింది. పిడి అసలైన ఏనుగు దంతం, పొగచూరి తేనెరంగుకి తిరిగింది. గొట్టం మీద సన్నటి బంగారు తీగ, సగం ఊడినా మిగతా సగం అలాగే ఉంది. భూతద్దం పెట్టి చూశాడు. గొట్టం మీదా, తూటాలు పెట్టే చక్రం మీదా, పిడి లోపలా నంబరు ఒకటే. వియన్నాలో చేసిన అసలు సరుకు. ఊరూరా దొరికే బెల్జియం నకలు కాదు. ఇలాంటిది చేతికొచ్చి తొమ్మిదేళ్ళయింది. మొహం మాత్రం చావింటికొచ్చినవాడిలా పెట్టుకున్నాడు.

"ఇలాంటివి చాలానే ఉన్నాయి పెద్దమ్మా" అన్నాడు. "తుప్పు కూడా ఎక్కువే."

ఇక్కడ ఆవిడ నొచ్చుకోవాలి. మా మామగారు దీంతో ఎంతమందిని పరిగెత్తించాడో తెలుసా అనాలి. ఆవిడ అలాంటిదేం అనలేదు.

"పేలుతుందా?" అంది.

విదాక్ నవ్వాడు. "పేలడంతో ఏం పని పెద్దమ్మా? కొన్నవాడు అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు."

"పేలుతుందా అని అడిగాను."

అతను రివాల్వర్‌కి పక్కన తూటాలు దూర్చే చిన్న తలుపు తీసి చక్రం తిప్పాడు. తాజా నూనె వాసన గుప్పుమంది. కుట్టుమిషను నూనె. అక్కడ అతని చెయ్యి ఆగింది. అమ్మేవాళ్ళు ఎప్పుడూ పైనే తోముతారు. బూడిదా పీచూ పెట్టి తళతళలాడించి, సగం ఖరీదు తమ చేతుల్తోనే మట్టిలో కలుపుకుంటారు. ఈవిడ పైనున్న దుమ్ము ముట్టుకోలేదు, తుప్పు గీకలేదు. లోపల కదిలే చోటల్లా నూనె వేసింది. అప్పుడు ఆవిడ చెయ్యి చూశాడు. బొటనవేలి మీద చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. పిడి పైనుండే హ్యామర్ వెనక్కి లాగడం ఎన్నిసార్లు అలవాటు చేసుకుంటే అలా అవుతుందో అతనికి తెలుసు.

ఆవిడ రుమాలు విప్పింది. చిలుం పట్టి పచ్చగా మారిన ఐదు తూటాలు.

పైనున్న చెక్కనేల కిర్రుమంది. అంటే ఇంట్లో ఇంకెవరో ఉన్నారన్నమాట. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, అమ్మడం లేదన్న మనిషి నిజంగానే అమ్మడం లేదు.

"ఎవరికోసం పెద్దమ్మా ఇది?"

"మా అల్లుడి కోసం" అంది ఇకోనియ, వంటకి ఉల్లిపాయలు కోసినంత మామూలుగా. "స్రెతెన్. ఆదివారం మా అమ్మాయి దారింకని రెండు పక్కటెముకలు విరిగేలా కొట్టాడు. పిల్ల పాల వ్యాన్ ఎక్కి ఇక్కడికొచ్చి పడింది. పైన పడుకుంది. గురువారం వస్తా, పంపితే సరి, లేకపోతే ఇద్దర్నీ ఈ గడప దగ్గరే పడుకోబెడతానని ఫోన్ చేశాడు. ఇవాళ గురువారం."

"పోలీసులు?"

"వాడొచ్చాక చెయ్యమన్నారు ఫోను. వాడొచ్చాక నాకు ఫోను చేసే తీరిక ఉంటుందా బాబూ?"

అలవాటు కొద్దీ విదాక్ చేతులు పని చేసుకుపోయాయి. హ్యామర్ లాగి, చక్రం ఒక్కో గడిలో ఎక్కడ ఆగుతోందో చూశాడు. మూడో గడి దగ్గర అది సరిగ్గా ఆగడం లేదు, వెంట్రుకవాసి పక్కకి జరుగుతోంది. కొనేవాడికైతే అది వెయ్యి యూరోలు తగ్గించమనే వంక. ఈవిడకైతే చెయ్యే పోతుంది.

"ఇది పేలితే ముందు మీ మీదే పేలుతుంది" అన్నాడు. "మూడో గడి గొట్టానికి ఎదురుగా రావడం లేదు. చెయ్యి ఎగిరిపోతుంది."

"మూడోదా?"

"ఆఁ, మూడోది."

"రెండు చాలు నాకు" అంది.

విదాక్ లేచి నిలబడ్డాడు. "మీ అమ్మాయిని పిలవండి. ఇద్దరూ నా కారెక్కండి, ఇప్పుడే" అన్నాడు. అంటుండగానే కింది మలుపులో ఇంజను మోత వినబడింది. ఆవిడ కిటికీలోంచి చూసి తలూపింది. నీలం కారు వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. విదాక్ కారు లోపల ఇరుక్కుపోయింది.

నిజం చెప్పుకోవాలంటే, విదాక్‌కి ఆ క్షణాన పారిపోదామనే అనిపించింది. ఒంటరిగా వెళ్తానంటే ఆ అల్లుడు కారు పక్కకి తీసి, చెయ్యూపి మరీ పంపిస్తాడు. పెద్దావిడతో పరిచయం గంట, పైనున్న పిల్ల మొహం కూడా చూళ్ళేదు. నాకెందుకొచ్చింది అనుకున్నాడు. కాళ్ళు మాత్రం తలుపు వైపు నడవలేదు. ధైర్యంతో కాదు, చల్లబడిపోయి. తలుపు తెరుచుకునేలోపు ఐదు తూటాలూ కోటు జేబులో వేసుకుని మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

స్రెతెన్ వాకిలికి తల తగలకుండా వంగి లోపలికొచ్చాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ చొక్కా. ఊళ్ళో ఎవరికైనా బండి తోసిపెట్టే మంచివాడిలా ఉన్నాడు.

"అత్తగారూ, ఎవరో అతిథి ఉన్నట్టున్నారే" అన్నాడు.

"గాసెర్ చూడ్డానికొచ్చారు, సెతిన్యె పట్నం నుంచి" అంది ఇకోనియ. వణక్కుండా కాఫీ పోసి అతని ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

ఆ కొండల్లో అతిథి బల్ల దగ్గర ఉండగా ఇంట్లో చెయ్యెత్తరు. స్రెతెన్‌కి పరువు మీద అంత మమకారం ఉందని కాదు. అతిథికి కళ్ళుంటాయి, వెనక చుట్టాలుంటారు. అందుకే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కానివ్వండి పెద్దాయనా. మీ పని అయ్యాక మా ఇంటి పని చూసుకుంటాం. నాకేం తొందర లేదు."

మీ పని అయ్యాక. ఆ మాట విదాక్ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. అయితే పని అవకూడదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ల సంచీ తీసి, రేకు పళ్ళెం ఒకటి అడిగి, రివాల్వర్ విప్పడం మొదలుపెట్టాడు. విప్పి పెడితే దాన్ని ఎవరూ ఎవరి మీదా ఎత్తలేరు. మొదటి మర తియ్యడానికి పావుగంట పట్టించాడు. పిడి చెక్కలు ఊడదీసి, ఒక్కోటీ వెలుతురుకి పట్టి, నోటికొచ్చిందల్లా చెప్పుకుపోయాడు. దంతానికీ ఎముకకీ తేడా ఏమిటి, తీగ ఎలా పొదుగుతారు, స్ప్రింగు ఎందుకు విరుగుతుంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

పైన మళ్ళీ కిర్రుమంది. స్రెతెన్ తలెత్తాడు.

"పిల్లిని పెంచుతున్నారా అత్తగారూ? కాళ్ళు బరువుగా పడుతున్నాయే. ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది పాపం."

ఇకోనియ అతని ముందు చల్లారిన కాఫీ తీసి వేడిది పెట్టింది.

"ఇంకా ఎంతసేపు పెద్దాయనా?"

"రేటు కట్టాలంటే నా ఒక్కడి మాట చాలదు" అన్నాడు విదాక్. "ఒకరిద్దర్ని అడగాలి."

ఫోన్ తీశాడు. సరుకు ఎక్కడుందో ఈ వ్యాపారంలో కన్నతండ్రికి కూడా చెప్పరు. భార్యకి కూడా విదాక్ ఏ ఊరు వెళ్తున్నాడో చెప్పేవాడు కాదు. ఇప్పుడు బ్లాజోకి చేశాడు. ఒక కత్తి విషయంలో తగాదా వచ్చి పదకొండేళ్ళుగా మాటల్లేని బ్లాజోకి.

"నేనే, విదాక్‌ని. దోంజా లోక్వలో ఇకోనియమ్మ ఇంట్లో గాసెర్ ఉంది. దంతం పిడి, నంబర్లన్నీ ఒకటే. వియన్నాది."

"తాగావా?"

"లేదు. చూడాలంటే ఇప్పుడే రా. మిగతావాళ్ళక్కూడా చెప్తున్నా."

"ఎవరికిరా?"

"అందరికీ."

ఫోన్ ఠక్కున పెట్టేశాడు బ్లాజో. తాళాలు వెతుక్కుంటూ ఉంటాడు. తర్వాత పాతవాటి పిచ్చి ఉన్న పళ్ళ డాక్టరు, ఆ తర్వాత ఇదే వ్యాపారం చేసే నిక్షిచ్ అన్నదమ్ములు. కస్టమ్స్‌లో చేసి రిటైరైన ముసలాయనకి నంబరు నొక్కబోతుండగా స్రెతెన్ చెయ్యి వచ్చి అతని మణికట్టు మీద పడింది. చాలా మెల్లగా బిగించాడు. లోపల ఎముకలు ఒకదానికొకటి ఒరుసుకున్నాయి.

"తెలివిగలవాడివే" అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. "నీకు పిల్లలున్నారా?"

విదాక్‌కి ఇద్దరు కూతుళ్ళు గుర్తొచ్చారు. ఉన్నారని చెప్పడానికి కూడా భయమేసింది.

"అల్లుడుగారూ" అంది ఇకోనియ, "అతిథి చెయ్యి వదలండి."

వదిలాడు. వదిలి లేచి, తిన్నగా మేడమెట్ల వైపు నడిచాడు. తనెప్పుడు లేచాడో విదాక్‌కి తెలియలేదు. పళ్ళెం పట్టుకుని గబగబా ముందుకి పోయి మూడో మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇక్కడైతే వెలుతురు బాగుంటుంది" అన్నాడు. అక్కడ వెలుతురే లేదు.

స్రెతెన్ అతని ముందు నిలబడ్డాడు. అతని బూట్లు విదాక్ మోకాళ్ళకి తగులుతున్నాయి. విదాక్ మోకాళ్ళు వణుకుతుంటే పళ్ళెంలో మరలు గలగలమన్నాయి. ఆపుదామని రెండు చేతుల్తో నొక్కి పట్టాడు, ఇంకా ఎక్కువ గలగలమన్నాయి. స్రెతెన్ ఆ చప్పుడు శ్రద్ధగా విన్నాడు. "కాసేపట్లో అందరూ వస్తారు. అందరూ పోతారు. అప్పుడూ నేనుంటాను" అన్నాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో. తన తల మీద పడుతున్న అతని ఊపిరిని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు విదాక్.

బయట హారన్ మోగింది. ఆగకుండా మోగింది.

"ఏ దరిద్రుడురా గేటుకి అడ్డంగా పెట్టిందీ?" బ్లాజో గొంతు. దాని వెనక మరో హారన్, ఆ వెనక మరోటి. బ్లాజో సరాసరి లోపలికొచ్చి, "ఆ నీలం కారు ఎవరిది? తియ్యండి, వెనక నలుగురు ఆగారు" అని స్రెతెన్ మీదే అరిచాడు. అతనెవరో ఏమిటో బ్లాజోకి తెలీదు. అందుకే భయమూ లేదు. స్రెతెన్ ఒక క్షణం నిలబడి, బయటికి వెళ్ళి కారు పెరట్లో గోడవారకి పెట్టాడు. వెనకొచ్చిన బండ్లు దాని ముందు ఇష్టమొచ్చినట్టు ఆగాయి.

పదినిమిషాల్లో గది సంత అయిపోయింది. విప్పి పడేశాడని బ్లాజో తిట్టాడు, బంగారు తీగ తర్వాత వేయించిందని పళ్ళ డాక్టరు, కాదని అన్నదమ్ములు. మెట్ల మీద కూర్చున్న విదాక్ మొహం ఎందుకలా పాలిపోయిందని ఒక్కడూ అడగలేదు. ఇకోనియ వచ్చి అతని ఒళ్ళోని పళ్ళెం అందుకుంది. పిడి చెక్కలు, చక్రం, మరలు అన్నీ ఉన్ని గుడ్డలో వేసి మూట కట్టింది.

"ఇక్కడ చూపు ఆనడం లేదు నాయనా" అంది అందరితో. "సెతిన్యెలో మా చెల్లెలింట్లో చూపిస్తా. కావలసినవాళ్ళు వెనకాలే రండి. దారింకా, దిగమ్మా."

మూట ఎటు వెళ్తే కొనేవాళ్ళూ అటే గదా. దారింక గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. పెదవి చిట్లి ఉంది, ఒక చెయ్యి పక్కటెముకల మీద అదిమిపెట్టుకుంది. మగాళ్ళు మాటలాపి మర్యాదగా దారిచ్చారు. బ్లాజో ఆమె సంచీ అందుకుని కారు దాకా మోశాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ స్రెతెన్‌ని ఆమె చూళ్ళేదు. స్రెతెన్ మాత్రం ఆమెనీ, ఆ తర్వాత విదాక్ కారు నంబరునీ చూశాడు.

విదాక్ కారు ముందు కదిలింది. పక్క సీట్లో ఇకోనియ, ఒళ్ళో మూట. వెనక దారింక తల మోకాళ్ళలోకి దూర్చి కూర్చుంది. బండ్లు ఒక్కొక్కటే తిప్పుకుని వెంట వచ్చాయి. రెండో మలుపు తిరిగాక ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"ఉన్నాడా?"

విదాక్ అద్దంలోకి చూశాడు. బ్లాజో వ్యాను, డాక్టరు, అన్నదమ్ములు, ఆ వెనక ఎవరు చెబితే వచ్చాడో గానీ రిటైరైన ముసలాయన. ఆయన వెనక నీలం కారు. లేడనే అబద్ధం నోటిదాకా వచ్చింది.

"ఉన్నాడమ్మా. మధ్యలో నాలుగు బండ్లున్నాయి" అన్నాడు.

తెలియకుండానే అతని కాలు స్పీడు పెంచింది. ఇకోనియ అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

"మెల్లగా పోనీ బాబూ" అంది. "ఎవరూ వెనకబడిపోకుండా."