పిల్లలు చేసినట్టే ఉండాలి

నేను ఒక గ్లూ గన్నుని. గన్ను అన్నానని బెదిరిపోకండి, నా నోట్లోంచి గుండ్లు రావు. వెనక నుంచి తెల్లటి గ్లూ కడ్డీ దోపి, ప్లగ్గు పెట్టి, ఐదు నిమిషాలు ఆగి మీట నొక్కితే కరిగిన జిగురు వస్తుంది. దాంతో అట్టని అట్టకీ పుల్లని పుల్లకీ అంటించేస్తాను. నా ఒళ్ళు ఒకప్పుడు నీలం. ఇప్పుడు ఏ రంగో నాకే తెలీదు. ఎక్కడో సముద్రం అవతల ఫ్యాక్టరీలో వందలాది మందిమి ఒక్కసారే పుట్టి, అట్టపెట్టెల్లో వచ్చి బేగంబజారులో దిగాం. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోడానికి ఏమీ లేదు కాబట్టి అక్కడితో ఆపేస్తాను.

మొదట నన్ను కొన్నది ఆర్కిటెక్చరు చదివే ఒక అమ్మాయి. నాతో బొమ్మ అపార్ట్‌మెంట్లు కట్టేది. వాటికి లిఫ్టులు, పార్కులు, స్విమ్మింగ్ పూళ్ళు ఉండేవి, మనుషులు మాత్రం ఉండేవాళ్ళు కాదు. మూడో ఏడాది విసుగెత్తి చదువు మానేసి, హాస్టలు ఖాళీ చేస్తూ నన్ను ఖదీర్ భాయ్ స్టేషనరీ కొట్లో వదిలేసి పోయింది. ఖదీర్ భాయ్ నన్ను, తన దగ్గరికొచ్చే స్కూలు ప్రాజెక్టులు చేసిపెట్టే స్వరూప చేతిలో పెట్టాడు. నా అసలు బతుకు అక్కడ మొదలైంది.

ఆ కొట్టు నార్సింగి దాటాక ఒక ఇంటర్నేషనల్ స్కూలు ఎదురుగా ఉంది. స్కూలు పేరు చెప్పను, నాకెందుకొచ్చిన గొడవ. అక్కడ పాఠం చెప్పరు, ఎంక్వయిరీ చేయిస్తారు. పరీక్ష పెట్టరు, అసెస్‌మెంట్ చేస్తారు. మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు. ప్రతి పిల్లనీ నాలుగు మెట్లలో ఒక మెట్టు మీద నిలబెడతారు: ఎమర్జింగ్, డెవలపింగ్, ప్రొఫిషియెంట్, ఎక్సెంప్లరీ. మొలకొచ్చింది, ఎదుగుతోంది, పర్లేదు వచ్చేసింది, అబ్బో అదిరిపోయింది అని నేను అర్థం చెప్పుకున్నాను. పిల్ల తన చుట్టూ ఉన్న సమస్యని తనే చూడాలట, తనే ఆలోచించాలట, తన చేతుల్తోనే చేసి చూపించాలట. ఎంత మంచి మాటండీ! ఎవరు రాశారో గానీ వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలి. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ర్యాంకుల్లేవన్న సంగతి తల్లిదండ్రులెవరూ నమ్మలేదు.

స్కూలు వాళ్ళు ప్రాజెక్టు టాపిక్కు పంపిన పావుగంటకి అది ఖదీర్ భాయ్ ఫోన్లో ఉండేది, అరగంటకి స్వరూప ఫోన్లో. అగ్నిపర్వతం కావాలని ఒకరు, ఇంకుడు గుంత కావాలని ఒకరు, సోలార్ ఊరు కావాలని ఇంకొకరు. కింద ఒక్క ముక్క మాత్రం ఎవరూ మర్చిపోకుండా రాసేవారు: పిల్లలు చేసినట్టే ఉండాలి.

స్వరూప పనితనం మీరు చూడాలి. పెళ్ళి మండపాలకి థర్మాకోల్ నగిషీలు కోసిన చెయ్యి అది. ముందు అన్నీ తిన్నగా, ముచ్చటగా చేసేది. చేశాక కూర్చుని పాడు చేసేది. ఒక గోడ కొంచెం వంచేది. కుంచె ఎడమ చేత్తో పట్టుకుని పేరు రాసేది. నా నోటి నుంచి సాలీడు దారాల్లాంటి పోగులు లాగి అక్కడక్కడా వదిలేసేది. నాలుగో క్లాసు వంకర వేరు, ఏడో క్లాసు వంకర వేరు, ఆవిడకి రెండూ తెలుసు. బాగా చేయడం చాలామందికి వస్తుంది, సరిగ్గా ఎంత పాడు చెయ్యాలో అంత పాడు చేయడం ఆవిడొక్కదానికే వచ్చు. పెద్దవాళ్ళు చదువు కోసం పడే తిప్పలు చూసి నాకు నవ్వొచ్చేది. అప్పట్లో నాకు నవ్వు వచ్చేది లెండి.

స్వరూప మొగుడు మల్లేశం ఆ స్కూల్లోనే బస్సు డ్రైవరు. స్టాఫు పిల్లల్లో క్లాసుకి ఒకరికి ఫీజు లేని సీటు ఇస్తారు. అలా వాళ్ళ కూతురు రిత్విక అక్కడే ఐదో క్లాసు చదువుతోంది. షరతు ఏమిటంటే ఏటేటా ప్రొఫిషియెంట్ మెట్టు దిగకూడదు. ఐదో క్లాసు చివర ఎగ్జిబిషన్ ఉంటుంది, అందులో ఏ మెట్టు వస్తే ఆరో క్లాసు సీటు దాన్ని బట్టి. జారితే సీటు పోయినట్టే. ఎగ్జిబిషన్‌కి ముందు మూడు నెలలూ ఇంట్లో వేరే మాట లేదు.

రిత్విక ఏం ఎంచుకుందో తెలుసా? వాళ్ళ నాన్నని. పొద్దున ఎనిమిదింటికి పిల్లల్ని దింపాక మళ్ళీ మూడింటి దాకా డ్రైవర్లకి కూర్చోడానికి చోటు లేదు. తారు నేల మీద ఇనుప బస్సులు, వాటిల్లోనే కూర్చుంటారు. మల్లేశం సాయంత్రం ఇంటికొస్తే చొక్కా మీద ఉప్పు చారలు. "నాన్న వాళ్ళకి షెడ్డు కడతా" అంది పిల్ల. మామూలు షెడ్డు కాదు. పైకప్పు ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క కిందికి, ఎత్తు పక్కన పొడుగూతా రెండు వేళ్ళ సందు. వేడి గాలి పైకి పోతుంది కదా, ఆ సందులోంచి బయటికి వెళ్ళిపోతుందట. లోపల అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూసి, కప్పు నాలుగుసార్లు పీకి నాలుగుసార్లు వేసింది. నన్ను తనే పట్టుకుంది. ఒకసారి వేలు కాలింది. ఏడవలేదు, వేలు నోట్లో పెట్టుకుని నా వంక గుర్రుగా చూసింది.

"అమ్మా, నువ్వు ముట్టకు. ముడితే ఇంక అది నాది గాదు" అని ముందే చెప్పింది.

"ముట్ట బిడ్డా. నీ మీద ఒట్టు" అంది స్వరూప.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున పిల్ల తలస్నానానికి వెళ్ళింది. స్వరూప జడకి రిబ్బన్లు వెతుకుతూ షెడ్డు ముందు ఆగింది. కప్పు కింద సందు కనిపించింది. అది కావాలని వదిలిన సందని ఆవిడకి తెలీదు. "అయ్యో, ఊడిపోయింది గదా!" అనుకుంది. పుల్లలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, జిగురు ఉండలు కట్టింది. అవతల హాల్లో ఉండేవి చాలామట్టుకు తను చేసినవే, వాటి పక్కన తన పిల్లది ఇలా ఉంటే ఏం గాను? ఒట్టు గుర్తొచ్చే ఉంటుంది, రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసింది. తర్వాత ప్లగ్గు పెట్టింది.

ఊళ్ళో వాళ్ళ పిల్లల కోసం తిన్నగా ఉన్నవి వంకర చేసిన మనిషి, సొంత పిల్ల దగ్గరికొచ్చేసరికి వంకర చూసి ఓర్చుకోలేకపోయింది. నేను కక్కనని మొండికేస్తే బాగుండేది. కానీ మీట నొక్కితే కక్కడం తప్ప నాకేం చేతనవును? ఎత్తు పక్క కప్పుని కిందికి నొక్కి, పొడుగూతా సన్నగా, నున్నగా ఒక్క గీత జిగురు పోసింది. ఎంత అందంగా పోసిందో! అంత మంచి అతుకు నా జన్మలో వేయలేదు. ముందు పక్క నుంచి చూస్తే తేడా తెలీదు. పిల్ల తల తుడుచుకుంటూ వచ్చి, షెడ్డు మీద గుడ్డ కప్పేసి, జాగ్రత్తగా ఎత్తుకుని బయల్దేరింది.

నేనూ వెళ్ళాను, స్వరూప హ్యాండ్‌బ్యాగులో. ఎక్కడైనా ఊడితే పనికొస్తుంది, గన్ను తెచ్చుకోమని నలుగురు తల్లులు మెసేజి పెట్టారు మరి. హాల్లో ఇరవై నాలుగు బల్లలు. పంతొమ్మిది బల్లల మీద ఉన్నవి నాకు తెలిసినవే. తెర వెనక ప్లగ్గు చూసుకుని ముందు ఒక అగ్నిపర్వతానికి అంచు అతికించాం. ఆ పిల్లాడి తల్లి మెల్లిగా "థాంక్యూ స్వరూపా" అని, వెంటనే ఎవరో తెలీనట్టు మొహం తిప్పుకుంది. పిల్లలందరూ "నాకీ ఐడియా ఎలా వచ్చిందంటే" అని మొదలుపెట్టి గడగడా అప్పజెబుతున్నారు. ఎవరూ ఎక్కడా తడబడలేదు.

రిత్విక బల్ల దగ్గరికి కోఆర్డినేటర్ నందిత మేడం వచ్చింది. మంచావిడే, నవ్వుతూనే ఉంటుంది. పిల్ల డ్రైవర్ల ఎండ గురించి చెప్పింది, గాలి గురించి చెప్పింది. అగరొత్తి వెలిగించి షెడ్డులో పెట్టింది. "ఇప్పుడు పొగ పైనుంచి పోతుంది మేడం, చూడండి."

పొగ పైకి పోలేదు. కప్పుకి కొట్టుకుని, లోపలే సుడి తిరిగి, ముందు నుంచి వచ్చి పిల్ల మొహాన కొట్టింది. దగ్గింది. అగరొత్తి సరిచేసి మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే. అప్పుడు వంగి, కప్పు కింద వేలు పెట్టి పొడుగూతా తడిమింది. నున్నటి గీత. ఆ చెయ్యి ఎవరిదో ఆ పిల్లకి తెలీదా? తలెత్తి తల్లి వంక చూసింది. కోపం కాదు. కోపమైతే ఎంత బాగుండేదో.

"పైకప్పు నువ్వే అంటించావా రిత్వికా?" అని అడిగింది మేడం.

అవునంటే షెడ్డు పనిచెయ్యదన్నట్టు. కాదంటే తన పని కాదన్నట్టు. పదేళ్ళ పిల్ల ఎటు పోవాలి చెప్పండి? సందు మీదే వేలుంచి అంది: "సందు పెట్టింది నేను మేడం. మూసింది నేను కాదు."

"మరి ఎవరు?"

పిల్ల అగరొత్తి తీసి ఆర్పేసింది.

"నేను మేడం" అని స్వరూప ముందుకొచ్చింది. "ఊడిందనుకొని పొద్దున అంటిచ్చిన. ఆమెకు తెల్వనే తెల్వదు. తప్పు నాది. ఒక్క నిమిషం ఆగుండ్రి, ఇప్పుడే పీకేస్త, పొగ ఎట్ల పోతదో మీరే చూస్తరు."

"అంటే ఇంట్లో సాయం చేశారన్నమాట" అని మేడం కాగితం మీద ఏదో టిక్కు పెట్టింది. ఆ టిక్కు చూసి స్వరూపకి ఒళ్ళు తెలీలేదు.

"సాయమా? మేడం, గీ హాల్ల పంతొమ్మిది నేను చేసినయే! ఆ అగ్నిపర్వతం నాది, ఆ సోలార్ ఊరు నాది. నా బిడ్డది మాత్రం నేను చెయ్యలే! అడుగుండ్రి వాళ్ళని, అడుగుండ్రి!"

అడగడానికి ఎవరున్నారు? తల్లులందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. అగ్నిపర్వతం పిల్లాడు "మమ్మీ, ఈ ఆంటీయే కదా మన" అని మొదలుపెట్టాడు, తల్లి గబుక్కున వాడి నోరు మూసింది. ఆవిడే వచ్చి స్వరూప భుజం మీద చెయ్యి వేసి "పాపం, టెన్షన్‌లో ఉన్నారు, కాసిని నీళ్ళు తాగండి" అంది. నందిత మేడం నవ్వు చెరగకుండానే చెప్పింది: "మా స్కూల్లో పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చమండీ. మనం రిత్విక గురించి మాత్రమే మాట్లాడదాం."

రిత్విక డెవలపింగ్ మెట్టు మీద ఆగింది. 'స్వయంగా చేసినట్టు ఆధారం లేదు' అని రాశారు. సీటు పోయింది. మల్లేశాన్ని రూటు బస్సు నుంచి తీసేసి స్పేర్ డ్రైవర్ని చేశారు, ఎవరైనా రాకపోతేనే పిలుపు. పిల్ల ఊళ్ళో సర్కారు బడికి వెళ్తోంది. అక్కడి సార్లు మంచివాళ్ళే, పిల్ల బాగానే చదువుతోంది. కానీ తల్లిని తన పుస్తకాలకి అట్టలు కూడా వెయ్యనివ్వదు. అరవదు, అలగదు, పుస్తకం పక్కకి జరుపుకుంటుంది, అంతే. స్వరూప మూడుసార్లు క్షమాపణ అడిగింది. "పర్లేదమ్మా" అంది మూడుసార్లూ. ఆ మాట వినలేక నేను డబ్బాలో ముడుచుకుని ఉండేదాన్ని.

ఏడాది తిరిగింది. ఖదీర్ భాయ్ ఫోను చేశాడు. "స్వరూపమ్మా, ఒక ఆర్డరు. పోయినేడు ఎవరో డ్రైవర్ల షెడ్డు చేసిండ్రంట కదా, అట్లాంటిదే కావాలంట. ఆ బాబు వాళ్ళ డాడీ ట్రాన్స్‌పోర్ట్ కమిటీల ఉన్నడు. మల్లేశం రూటు సంగతి తను చూస్తడంట."

"చెయ్య భాయ్. అది నా బిడ్డది" అంది స్వరూప. ఫోను పెట్టేశాక మొగుడి మొహం చూడలేక గోడవైపు తిరిగింది. ఇంట్లో కూర్చుని కూర్చుని మల్లేశం ఆవిడని ఏమన్నా అనడమే మర్చిపోయాడు.

రిత్విక లెక్కల పుస్తకం మూసి లేచింది. డబ్బాలోంచి నన్ను తీసి, ప్లగ్గు పెట్టి, అట్ట పరుచుకుంది. "నేను చేస్త. నువ్వు కూసో" అంది తల్లితో. ఆ ఆదివారం అంతా చేసింది. ఎత్తు పక్క సందు ఈసారి వంకర లేకుండా వచ్చింది. అగరొత్తి పెడితే పొగ ఒక్క తీరుగా పైకి వెళ్ళిపోయింది. ఆ గదిలో చూసిన వాళ్ళం నలుగురం, నాతో కలిపి.

ఆ స్కూల్లో టీచర్లు ఏడాదికోసారి మారిపోతుంటారు, ఆ బాబు పేరుతో వెళ్ళిన షెడ్డుని ఎక్కడో చూశామన్న వాళ్ళు లేరు. నెల తర్వాత ఖదీర్ భాయ్ సంతోషం పట్టలేక ఆ పిల్లాడి రిపోర్టు పేజీ ఫొటో పంపాడు. స్వరూప అప్పుడు వేరే ఏదో అతికిస్తోంది, నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను. రిత్విక ఫోను తీసుకుని చదివింది. ఎక్సెంప్లరీ. కింద టీచరు నాలుగు వాక్యాలు రాసింది: ఈ విద్యార్థి ఇతరుల కష్టాన్ని గమనించాడు, స్వయంగా ఆలోచించాడు, ఓడిపోయినా మళ్ళీ ప్రయత్నించాడు, ఇతని పని చూసి మేము గర్వపడుతున్నాం.

పిల్ల రెండుసార్లు చదివింది. తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళి ఫోను చూపించింది.

"నాన్నా, ఇది నా గురించే గదా?"

మల్లేశం ఫోను ఆమె చేతికి తిరిగిచ్చాడు. "నీ గురించే బిడ్డా" అన్నాడు.

అయితే సరే అన్నట్టు తలూపి, రిత్విక తన నోటుబుక్కు తెచ్చుకుని కూర్చుంది. 'గమనించాడు' అన్నచోట 'గమనించింది' అని మార్చుకుంటూ ఆ నాలుగు వాక్యాలూ రాసుకుంది. స్వరూప మీట వదలడం మర్చిపోయింది. జిగురు కారి కారి ఆవిడ పాదం మీద పడుతోంది, ఆవిడ కాలు కదపలేదు.