కాకి తెంపిన తోరణం

నిరుడు ఏరువాక పున్నమినాడు బోడితిప్పపల్లెలో తోరణాన్ని తెంపింది మనిషి కాదు, కాకి. ఊరి మొగదల రెండు రాతి స్తంభాల మధ్య ఏటా ఒక గోగునార తాడు కడతారు. దానికి మామిడాకులు, వేపమండలు గుచ్చి, కింద ఎద్దుల్నీ ట్రాక్టర్లనూ నిలబెట్టి, ఇంటికొకరు చొప్పున చెర్నాకోలతో కొడతారు. అందరి వంతూ అయ్యేదాకా తాడు ఆగాలి, అయ్యాక తెగాలి. తెగిన నారపోగులు పంచుకుని కాడికో, ట్రాక్టర్ స్టీరింగుకో కట్టుకుంటే ఆ ఏడు వానకు ఢోకా లేదని నమ్మకం. ముందే తెగిందా, వంతు రాని ఇళ్లకు వాన లేనట్టే. అలాంటిది, ఓబుళరెడ్డి తాత మొదటి దెబ్బకు చెర్నాకోల ఎత్తీ ఎత్తకముందే ఓ కాకి వచ్చి తాడు నడిమధ్య వాలింది. తాడు పుటుక్కుమంది. కాకి ఎగిరిపోయింది. ఆ తాడు పేనిన వసంతమ్మ ఎగిరిపోయే వీలు లేక అక్కడే నిలబడింది.

తోరణం పేనే హక్కు తాతల నాటి నుంచి నారాయణ ఇంటిది. వసంతమ్మ నారాయణ భార్య. పులివెందుల పక్క చీనీతోటల ఇంటి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె చేసిందేదీ అత్తకు నచ్చేది కాదు. ఉప్పెక్కువ, నీళ్లెక్కువ, నోరెక్కువ. ఒక్క తోరణం తాడు పేనినప్పుడు మాత్రం ఆ మహాతల్లి రెండు చేతులా లాగి చూసి, "ఊఁ, పర్వాల్యా" అంది. ముప్పైయేళ్ల కాపురంలో వసంతమ్మ సంపాదించుకున్న సర్టిఫికెట్టు అదొక్కటే. అటక మీద ఎలుకలు కొరికిన పాతనారతో పేనిన పాపానికి, దాన్ని కాస్తా కాకి తన్నుకుపోయింది.

ఏడాది పొడుగునా ఊరు నవ్వింది. గోడ మీద కాకి కనబడితే చాలు, "వసంతమ్మా, మీ చుట్టం వచ్చినాడు, అన్నం పెట్టు" అనేవాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు సొంత మరిది చెన్నకేశవ. అతనికి జమ్మలమడుగులో షామియానా అంగడి ఉంది. ఈ ఏడు తోరణం తనకు వదిలేయమని ఊరి పెద్ద ఓబుళరెడ్డి తాత అరుగు మీద పంచాయితీ పెట్టాడు.

"పొద్దుటూరు నుంచి ప్లాస్టిక్ పూల తోరణం తెస్తా తాతా. లైట్లు ఎలుగుతాంటాయి. పదేండ్లయినా వాడదు. కాకి గాదు, గద్ద వాలినా తెగదు."

"తెగకపోతే ఎట్లరా? తెంపేదానికే గదా కట్టేది?" అన్నాడు తాత.

"మధ్యలో కొక్కెం పెట్టిస్తాంలే. లాగితే ఊడొస్తాది. మళ్లీ తగిలిస్తే సరి."

ఆ తోరణం కింద తన అంగడి బ్యానరు కూడా వేలాడుతుందన్న సంగతి అతను చెప్పలేదు. చెప్పకపోయినా ఊరికంతా తెలుసు.

వసంతమ్మకు ఒళ్లు మండింది. "ఊర్లో ఎవురికీ ల్యాని బాధ నీకెందుకబ్బీ? కందకు ల్యాని దురద కత్తిపీటకెందుకంట!" అంది.

తాత ఇద్దరినీ ఆపి తీర్పు చెప్పాడు. "ఈ ఏడు గూడా వసంతమ్మే కడ్తాది. అందురి దెబ్బలకూ ఆగిందా, ఎప్పటికీ ఆమెదే. ముందే తెగిందా, వచ్చే ఏటి నుంచి కేశవది. కానీ ఒకటి, మన చేల గెట్ల మీద దొరికిన గోగునారే వాడాల. కొన్న తాడు ఒప్పుకోను."

చెప్పడానికి తాతకేం, చెప్పాడు. గోగు ఎక్కడుంది? ఒకప్పుడు ప్రతి చేను చుట్టూ సాలు గోగులుండేవి. ఆకు పప్పులోకి, కట్టె నారకు. ఇప్పుడు చేలన్నీ శనగ, గెట్లన్నీ గడ్డిమందు. వసంతమ్మ పున్నమికి ఇరవై రోజుల ముందే కొడవలి చేతబట్టి, మైమూన్‌ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

మైమూన్ ఎదురింటి ఆడపిల్ల. మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఆమె తండ్రి అబ్దుల్ సలాం బతికున్న రోజుల్లో చుట్టుపక్కల ఎద్దులన్నిటికీ పగ్గాలు పేనిచ్చింది ఆయనే. కూతురు ఇప్పుడు జాకెట్లు కుడుతోంది గానీ, నార కనబడితే చాలు ఆమె వేళ్లు ఊరుకోవు.

ఇద్దరూ మైలవరం కాలువ వెంబడి మూడు రోజులు తిరిగారు. కాళ్లకు పల్లేర్లు గుచ్చుకున్నాయి, తలలు మాడిపోయాయి. చివరికి ఎవరిదో మోటారు కొట్టం వెనక, నిలువునా ఎండిన గోగుకట్టె ఒక్క మోపు దొరికింది. గడ్డిమందు కొట్టడం మరిచిపోయిన ఆ పుణ్యాత్ముడి కడుపు చల్లగా ఉండాలని వసంతమ్మ అక్కడికక్కడే దీవించింది. ఆ కట్టెను మైలవరం డ్యాం నీళ్లల్లో రాళ్ల కింద నానేసి, పన్నెండు రోజులకు ఒలిచారు. వచ్చిన నార పిలకకు ఎక్కువ, జడకు తక్కువ.

"ఇది కాకిక్కూడా చాలదు" అని వసంతమ్మ ఏడుపుమొహం పెట్టింది.

మైమూన్ నార వేలికి చుట్టి చూసింది. "అక్కా, ముద్దనూరు రైలుకట్ట పక్కన కిత్త ఉండాది గదా. మా నాయిన కిత్తనారతో మోకు పేనితే, బాయిలో పడిన ఎద్దును లాగినారు దాంతో."

"గోగునారే అన్న్యాడు గదమ్మే తాత!"

"పైన గోగే కనపడ్తాదక్కా. లోపల ఏముండాదో కాకికేం తెలుస్తాది?"

వసంతమ్మ మనస్సాక్షి గట్టిగానే పోరాడింది. ముద్దనూరు బస్సు వచ్చేదాకా పోరాడింది. బస్సు వచ్చాక ఎక్కేసింది.

కిత్త ఆకులు బారెడు పొడుగు, అంచున ముళ్లు, కొసన సూది. కోసి, సంచుల్లో కుక్కి, ఇంటికి తెచ్చాక మైమూన్ అసలు సంగతి చెప్పింది. "ఒకటే తిరకాసక్కా. ఇది వారం నీళ్లల్లో నానాల. నానకుంటే దీని పసరు దురద. మామూలు దురద గాదు, మనిషిని తైతక్కలాడిస్తాది."

"మనకుండేది మూడు దినాలు గదే!"

"అయితే ఆముదం తీసుకురా."

మోచేతుల దాకా ఆముదం పూసుకుని, పెరట్లో బండ మీద ఆకులు దంచి, గీకి, నార తీశారు. ఆముదం అందని చోటల్లా ఎర్రగా దద్దుర్లు లేచాయి. బొటనవేలి లావున కిత్తనార పేని, దాని మీద గోగునార ఒద్దికగా చుట్టారు. బయటికి బంగారు రంగులో మెత్తటి గోగుతాడు. నారాయణ వచ్చి లాగి చూసి "ఊఁ" అని వెళ్లిపోయాడు. తల్లికి తగ్గ కొడుకు.

పండుగ ముందురోజు తాడును తడిగోనెలో చుట్టి కొట్టంలో పెట్టారు. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ చెన్నకేశవ వచ్చాడు. "మజ్జిగియ్యి వదినా, గొంతు ఎండుతాండాది" అన్నాడు. వసంతమ్మ లోపలికి వెళ్లి, మజ్జిగ చిలికి, ఉప్పు వేసి తెచ్చేసరికి అతను కొట్టంలోంచి బయటికొస్తున్నాడు.

"గొడ్లను చూసొస్తినిలే వదినా" అని గ్లాసు ఎత్తి గటగటా తాగి వెళ్లిపోయాడు.

కొట్టంలో గొడ్లు లేక రెండేళ్లయింది. ఉన్నది నారాయణ పాత స్కూటరు ఒక్కటే. వసంతమ్మ పరుగున పోయి గోనె విప్పింది. తాడు కొసకు రెండు మూరల దూరంలో బ్లేడుతో కోసిన గాటు. గోగు దాటి, కిత్త సగం దాకా దిగింది. ఆమె అక్కడే కూలబడింది. మరిది జుట్టు పట్టుకుని తాత ముందుకు ఈడ్చుకుపోవాలనిపించింది. లేచింది కూడా. అంతలో గాటులోంచి తెల్లగా తొంగిచూస్తున్న కిత్తనార కనబడి మళ్లీ కూర్చుంది. గాటు చూపించాలంటే కిత్త చూపించాలి. ఇక నోరెక్కడ తెరుస్తుంది? ఉక్రోషంతో ఏడుపొచ్చింది.

మైమూన్ వచ్చి చూసింది. పోగులు విడదీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికి, మిగిలిన గోగు చుట్టింది. "అతుకు అతుకేనక్కా. అయినా కొసనే గదా, దెబ్బలన్నీ నడిమధ్యలో పడ్తాయి. దీని మీద వేపమండ దట్టంగా కట్టు" అంది. తరవాత తాడు పక్కన పెట్టి అడిగింది. "ఇంతకూ కోసినోడు చేతులకు ఆముదం పూసుకోనే కోసింటాడా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వసంతమ్మకు ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు.

మర్నాడు ఊరంతా స్తంభాల దగ్గర చేరింది. నాలుగు జతల ఎద్దులు, పదకొండు ట్రాక్టర్లు, అన్నిటికీ మామిడాకులు. జ్యేష్ఠమాసపు ఎండలో చెన్నకేశవ ఒక్కడే పొడుగు చేతుల చొక్కా తొడిగి, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు. వాలకం దొంగకు తేలు కుట్టినట్టుంది. తాడు పేనిన ఇల్లాలే కొట్టేవాళ్ల చేతికి పసుపు రాసి చెర్నాకోల ఇవ్వాలి. అతని వంతు వచ్చినప్పుడు వసంతమ్మ తీరుబడిగా పసుపు కలిపింది.

"చెయ్యి సాచు నాయనా. ఆ గుండీ తియ్యి."

తీయక తప్పలేదు. మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు.

"అయ్యో, ఏమాయ కేశవా?"

"చీమలు కుట్టినాయి వదినా."

"యాడ?"

"అంగట్లో."

"మా కొట్టంలో గూడా శానా చీమలుండాయిలే" అంటూ ఆమె పసుపు రాసింది. అప్పుడు అతని చూపు ఆమె మోచేతి మీద పడింది. అక్కడా అవే దద్దుర్లు.

"నీకేమాయ వదినా?"

"చీమలే."

కిత్త దురద తెలియనివాడు ఆ సీమలో పుట్టి ఉండడు. చెన్నకేశవ ఒకసారి తాడు వంక చూశాడు, ఒకసారి వదిన వంక చూశాడు. గోగుతాడు దురద పెట్టదు. ఆ మాట పైకి అన్నాడా, నీకెలా తెలుసురా అంటారు. నోరు మూసుకుని తన దెబ్బ కొట్టి పక్కకు పోయాడు.

అతని దెబ్బ అయిందో లేదో, కాకి వచ్చింది. నిరుటిదేనని కొందరు ప్రమాణం చేశారు. నేరుగా తాడు నడిమధ్య వాలింది. ఊరు ఊపిరి బిగబట్టింది. తాడు కాస్త ఊగి నిలబడింది. కాకి రెండుసార్లు అరిచి, వేపకాయ ఒకటి పొడిచి చూసి, నచ్చక వెళ్లిపోయింది. ఈలలు మోగాయి. వసంతమ్మకు గుండెల మీంచి బండ దిగినట్టయింది.

ముప్పై ఒక్క ఇళ్లూ కొట్టాయి. మొగుడు ఊళ్లో లేడు కాబట్టి మైమూన్ తన ఇంటి దెబ్బ తనే కొట్టింది, సొంత బిడ్డను మందలించినట్టు మెల్లగా. అందరి వంతూ అయింది. ఇక తెగాలి. తెగలేదు. మళ్లీ మొదటి నుంచి కొట్టారు. కుర్రాళ్లు చొక్కాలు విప్పి కొట్టారు. తాడు చెక్కుచెదరలేదు.

ఓబుళరెడ్డి తాత గడ్డం గోక్కున్నాడు. "చిన్నప్పట్నుంచి చూస్తాండా, గోగునార ఇంత మొండిది గాదే! దించండ్రా దాన్ని, లోపల ఏముండాదో చూస్తా."

వసంతమ్మ గబగబా స్తంభం దగ్గరికి జరిగింది. అత్త మెచ్చుకున్న ఆ ఒక్క మాటా, ఇంటి హక్కూ, అన్నీ ఆ తాడుతోపాటే దిగివస్తాయి. కాకి తెంపిన తాడుకు ఏడాది నవ్వారు. మోసం తాడుకు ఎన్నేళ్లు నవ్వుతారు? ఆమె కళ్లు మరిదిని వెతుక్కున్నాయి. తాడు దిగితే బయటపడేది కిత్త ఒక్కటే కాదు, గాటు కూడా. చెన్నకేశవ మొహం కూడా పాలిపోయి ఉంది.

"మామా, ఒక్క నిమిషం!" అంది వసంతమ్మ తాతతో. "మా కేశవను ఇంగొక్క దెబ్బ కొట్టనీ. వాంది వాటమైన చెయ్యి. కేశవా, ఆ కొసన వేపమండ చూడు నాయనా, దాని కింద కొట్టు."

అతనికి అర్థమైంది. తన గాటు ఎక్కడుందో తనకు తెలియదా? చెర్నాకోల అందుకుని, పళ్లు బిగబట్టి, స్తంభం పక్కకు జరిగి కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు తాడు ఫట్టున తెగి నేల మీద పడింది. జనం పోగుల కోసం ఎగబడబోయారు. అందరికంటే ముందు చెన్నకేశవ తాడు మీదికి దూకాడు.

"జరగండి! జరగండి! తెంపినోన్ని నేను, నేనే పంచుతా!"

తాడంతా ఒళ్లోకి లాక్కుని, పైనున్న గోగుపోగులు ఊడదీసి చేతికొకటి ఇస్తూ, లోపలి తెల్లటి కిత్తనార బయటపడినదాన్ని బయటపడినట్టే చొక్కా లోపలికి కుక్కుకున్నాడు. పొట్ట ఉబ్బింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మావానికి ఇంత భక్తి ఎప్పుడొచ్చినాదో!" అన్నాడు నారాయణ అబ్బురంగా.

తాత తన పోగును రెండు వేళ్లతో నలిపి, వాసన చూసి, "గోగే" అని ఒప్పుకున్నాడు. "ఇంగేమంటావురా కేశవా?"

"అమ్మ పేనినట్టే ఉండాది తాతా. వదినే కట్టాల, ఎప్పటికీ వదినే కట్టాల!" అంటూనే చెన్నకేశవ పరుగందుకున్నాడు. ఆ పరుగు తన తోటలో నీళ్లతొట్టి దాకా ఆగలేదని చూసినవాళ్లు చెప్పారు.

సాయంత్రం వసంతమ్మ ఆముదం సీసా, ఓ గిన్నె తీసుకుని మరిది తోటకు వెళ్లింది. గిన్నెలోకి రెండు చుక్కలు ఒంపి, నాలుగు మాటలు అని వద్దామని బయలుదేరింది. చెన్నకేశవ మెడ దాకా తొట్టిలో కూర్చుని ఉన్నాడు. చూస్తే జాలేసింది. అనాలనుకున్న నాలుగు మాటల్లో మూడు మింగేసింది.

"కోసేదానికి నీకు చేతులెట్లొచ్చినాయిరా?"

"తప్పైపాయ వదినా. వచ్చే ఏడు నా గెట్ల మీద గోగులేస్తా. గడ్డిమందు కొట్టను."

"ఎందుకబ్బీ కష్టం? రైలుకట్ట పక్కన కిత్త ఉండాది గదా."

"వద్దు తల్లీ!" అని అతను దండం పెట్టాడు.

ఆమె నవ్వి, గిన్నెలోకి రెండు చుక్కలు ఒంపి కిందపెట్టింది. పోబోతూ, అడగకూడదు అనుకుంటూనే అడిగింది. "సరేలే. ఇంతకూ తాడు ఎట్లుండాది?"

చెన్నకేశవ తొట్టిలోనే వీపు గోడకు రుద్దుకున్నాడు.

"ఊఁ" అన్నాడు. "పర్వాల్యా."

వసంతమ్మ గిన్నెలోని రెండు చుక్కలూ తిరిగి సీసాలో పోసి, సీసా మొత్తం అతని చేతిలో పెట్టేసి ఇంటిదారి పట్టింది.