పదిహేడు ఒకట్లు

పదిహేడు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్య మా ఇంట్లో నాలుగో మనిషి.

మా నాన్న జ్ఞానానందం రేపల్లె మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ సంఖ్యను శేషం లేకుండా భాగించేది ఒకటుందని ఎక్కడో చదివాడు. అదేంటో చూడకుండా పుస్తకం మూసేశాడు మహానుభావుడు. తానే కనిపెట్టాలట. ముప్పై నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలు తప్ప వేరేవి పనికిరావని తేల్చుకుని, చిన్నవాటి నుంచి మొదలుపెట్టి, రోజుకు రెండు భాగహారాల చొప్పున ఇరవై ఏడేళ్ళు చేశాడు. నోటుపుస్తకాల్లో ప్రతి లెక్క పక్కనా మొదలెట్టిన టైమూ, ముగించిన టైమూ వేసేవాడు.

"ఫోన్లో కొడితే క్షణంలో వస్తుంది కదా నాన్నా" అంటే "నోరు మూసుకో" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఈ ఏడు ఊపిరితిత్తులు పాడయ్యాయి. తెనాలి డాక్టరు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. అంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. నేను బాపట్లలో ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాను.

"నీరజా, ఎక్కడో తప్పు చేసుంటాను. పుస్తకాలు చూడవే" అన్నాడు మంచం మీంచి.

అంత ఓపిక నాకెక్కడిది? వంటింట్లోకి వెళ్ళి ఫోన్లో కొట్టాను. 2071723. దాన్ని నాన్న ఎప్పుడో దాటేశాడు. పుస్తకాలు తిరగేస్తే ఆ పేజీ దొరికింది. కింద నుంచి రెండో తీసివేతలో, అప్పు తెచ్చుకున్న ఒకటిని తగ్గించడం మరిచిపోయాడు. సున్నా రావలసిన చోట వంద మిగిలింది. ఇలాంటి తప్పుకే పిల్లల్ని బెంచీ ఎక్కించేవాడు.

పైన తేదీ చూశాను. 2011 ఆగస్టు 9. తెనాలి ఆస్పత్రిలో మా అమ్మ ప్రేమకుమారి పోయిన రోజు. నాన్నను పిలవమని అమ్మ అడిగిందట. వరండాలో కూర్చున్న ఆయన్ని నర్సు వచ్చి రెండుసార్లు పిలిచిందట. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాను, వినపడలేదు" అన్నాడు నాన్న. పధ్నాలుగేళ్ళు నమ్మాను.

అమ్మ పోయింది నాలుగూ ఇరవైకి. లెక్క పక్కన నాలుగూ పది, నాలుగూ ఇరవై ఒకటి అని ఉంది.

పుస్తకం తెచ్చి మంచం మీద పడేశాను.

"ఈ పేజీ ఎప్పుడైనా సరిచూశావా?"

నాన్న అట్ట చూశాడు. తెరవలేదు. "అన్నీ రెండోసారి చేశానమ్మా. అదొక్కటే చెయ్యలేదు."

"ఉన్నది అందులోనే."

"అనుకున్నాను."

"మరి నన్నెందుకు వెతకమన్నావు?"

"నా నోటితో చెప్పలేక."

"నర్సు పిలవడం వినపడిందా?"

చాలాసేపు ఊపిరి కోసం పెనుగులాడాడు.

"మొదటిసారే వినపడిందే. ఇంకొక్క మెట్టే మిగిలింది కదా అనుకున్నాను."

జాలి కలగలేదు. అసహ్యం వేసింది. బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను.

లోపల దగ్గు తెర వచ్చింది. "నీరజా" అని పిలిచాడు.

వినపడింది. కదల్లేదు.